లక్కపురుగు కట్టిన కోట

పాండవులను దహించడానికి కట్టిన లక్కయిల్లు తెలియని తెలుగువారుండరు. కాని లక్క అంటే చెట్టు కార్చే బంక అనే భ్రమ నేటికీ చాలామందిలో ఉన్నది. అది ఒక చిన్న కీటకం తన చుట్టూ తాను కట్టుకునే కోట.

మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేతకొమ్మలపైకి ఎర్రని పిల్లపురుగులు గుంపులుగా పాకి, ముట్టెను బెరడులోకి దించి రసం పీల్చసాగుతాయి. (పొలాలలో పండే కుసుమ పైరు వేరు, ఈ అడవిచెట్టు వేరు.) వాటి దేహం నుండి స్రవించే జిగురు గట్టిపడి వాటిని కప్పివేస్తుంది. మగపురుగు పెరిగి వెలుపలికి వచ్చి, జతకట్టి, కొద్దిరోజులలో మరణిస్తుంది. ఆడపురుగు మాత్రం నాటుకున్నచోటి నుండి మరి కదలదు. వందలాది పిల్లలను కని ఆ గూటిలోనే ఎండిపోతుంది.

పూర్వం లక్కకు విలువ తెచ్చినది దాని రంగే. స్త్రీల పాదాలకు అద్దే లత్తుక ఈ పురుగు ఎరుపే. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కృత్రిమవర్ణాలు రాగా ఆ ఎరుపు కడిగి పారబోసే నీరైపోయినది. అప్పటికే విదేశాలకు వెళుతున్న జిగురు ప్రధాన సరకైనది. బట్టసంచిలో లక్కగింజలు నింపి, బొగ్గుల పొయ్యి ఎదుట మెలిపెడితే కరిగి బయటికి ఊరుతుంది. దానిని పనివారు చేతులతో, కాళ్లతో, పళ్లతో కూడ పట్టి పలుచని రేకుగా సాగదీసేవారు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో గ్రామఫోను రికార్డుల తయారీ ప్రారంభమైనది. ఆ పళ్లేలలో రాతిపొడిని పట్టి ఉంచినది లక్కయే. 1948లో వినైల్ రికార్డు వచ్చిన తరువాత ఆ గిరాకీ క్రమంగా అంతరించినది.

అయినా లక్క పోలేదు. నీటిలో కరగక, ఆల్కహాలులో కరిగే దీని గుణం మాత్రలపై పూతకు, పండ్ల మెరుగుకు, కొయ్యసామాను వార్నిషుకు పనికివచ్చినది. ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు రంగులక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికే మెత్తబడి బొమ్మను అంటుకుంటుంది.

పరిశ్రమకు అసలు చిక్కు చెట్టువద్దనే. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవిపల్లెలలో లక్క చేతికి రొక్కం తెచ్చే పంట. ధర పెరిగితే పిల్లలు వెలువడకముందే కొమ్మలు నరికి అమ్ముతారు. ఈ పచ్చిపంటను ‘అరి’ అంటారు. దానితో మరుపంటకు విత్తనం కూడ పోతుంది. ధర పడితే మోదుగ వంటచెరకవుతుంది. అవసరమున్నవానిని ఆగమనడం సులభం. ఆగినన్నాళ్లు అతని ఇల్లు గడవాలి కదా. పైగా వేసవి ఎండ మితిమీరితే పురుగు చెట్టుమీదే చస్తుంది.

రాంచీ సమీపాన నామ్‌కుమ్‌లో 1924లో నెలకొల్పిన లక్క పరిశోధనాసంస్థ (తరువాత దాని పేరు మారినది) బోధించిన పద్ధతి సామాన్యమైనదే. చెట్లను జట్లుగా విభజించి, ఒక జట్టుపై పంట తీస్తూ మరొకదానికి విశ్రాంతినివ్వాలి. విత్తనపు లక్క గాదెలో దాచే ధాన్యం కాదు. పిల్లలు వెలువడబోయే వేళ కోసిన కొమ్మలను వెంటనే కొత్త చెట్టుకు కట్టాలి. మూడు వారాలు కాగానే ఆ పాత కొమ్మలను విప్పివేయాలి. లేనిచో వాటిలో దాగిన చిమ్మట గొంగళ్లు కొత్త పంటను కొరికివేస్తాయి.