పురానాపూల్ ప్రేమకానుక కాదు

పురానాపూల్ పేరెత్తగానే మనవాళ్ళు సైతం భాగమతి కథే చెబుతారు. ప్రియురాలిని చేరేందుకు వరద మూసీలోకి గుర్రాన్ని దుమికించిన యువరాజు కోసం తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఈ రాతి వంతెన కట్టించాడట! వినడానికి సొంపుగానే ఉంది. కాని వంతెన కట్టినది 1578లో. ఆ యువరాజు ముహమ్మద్ కులీ అప్పటికి పదమూడేళ్ళు దాటని బాలుడు. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను ఏనాడో ప్రశ్నించారు.

గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. జనం పెరిగారు, వర్తకం పెరిగింది. దక్షిణపు ఒడ్డుకు ఏడాది పొడవునా నడిచే దారి కావలసి వచ్చింది. ఇరవైకి పైగా కమానులతో ఆ దారి ఏర్పడింది. పదమూడేళ్ళ తరువాత, 1591లో, చార్మినారు నగరం వెలసినది ఆ ఒడ్డుననే. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ వంతెనను చూచి, అందంలో పారిస్‌లోని పోన్ నెఫ్‌కు ఏమంత తీసిపోదని వ్రాశాడు. చిత్రమేమంటే ఆ పారిస్ వంతెనకు పునాది పడినదీ 1578లోనే. 1820 వరదలో పురానాపూల్ దెబ్బతినగా సికందర్ జా బాగు చేయించాడు. 1908 మహావరదనూ అది తట్టుకొని నిలిచింది.

ఏలూరువారికి ఇదెందుకు అనవచ్చు. మన ఏలూరు, కొల్లేటి సీమ ఆ రాజ్యంలోనివే. గోల్కొండ సరుకు ఓడకెక్కిన మచిలీపట్నం మనకు పొరుగూరు. ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయనను వలీ అని మేమనడం లేదు. యుద్ధాలు చేశాడు, ప్రజల శిస్తుతోనే కట్టించాడు. అయితే ఆ శిస్తులో కొంత బాటసారుల కాళ్ళ కిందికి వచ్చింది.

ముస్లిములు ఈ నేలకేమిచ్చారని ఎవరైనా అడిగితే మనం బిర్యానీ అంటాము, ఏలూరు తివాచీ అంటాము, ఆగిపోతాము. పాలకుల మాట వస్తే మిగిలేవి కత్తి, అంతఃపురం. ప్రజోపయోగమైన ఒక కట్టడాన్ని తండ్రి గారాబంగా మార్చే కథను మన ఇళ్ళలోనే చెప్పుకుంటూ, పాఠ్యపుస్తకాలను మాత్రం తప్పుపట్టడం ఎంతవరకు సబబు?

నేడు ఆ వంతెనపై కూరగాయల బేరాలు సాగుతున్నాయి. సాగనివ్వండి, వంతెన ఉన్నది జనం కోసమే. ఎవరు, ఎప్పుడు, ఎందుకు కట్టించారో తెలుగులోను, ఉర్దూలోను స్పష్టంగా చెప్పే పలక అక్కడ ఉండాలని పురావస్తు శాఖను కోరుదాం. ఈ సెలవుల్లో హైదరాబాదు వెళ్ళే కుటుంబాలు చార్మినారుతో పాటు పిల్లలను ఆ కమానుల దగ్గరకూ తీసుకువెళ్ళి, ముందుగా సంవత్సరాలు చెప్పండి. భాగమతి కథ తరువాత చెప్పవచ్చు, కథగానే.