అతుకు మనం గట్టిగా వేద్దాం, లైను వాళ్లు బాగుచేయాలి

వానాకాలం పనులు మొదలయ్యాయి. ఒకపక్క దుక్కులు, ఇంకోపక్క నారుమళ్లు. బోర్ల దగ్గర, స్టార్టర్ డబ్బాల దగ్గర, తెగిపడిన తీగల కింద రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకునే వార్తలు వచ్చే కాలం కూడా ఇదే. ప్రతి ప్రమాదం తర్వాత వినపడే మాట ఒకటే: "రైతు అజాగ్రత్త వల్ల జరిగింది." ఈ మాటకు మనం గట్టిగా జవాబు చెప్పాలి. చెప్పాలంటే ముందు మన మోటారు దగ్గరి అతుకులు సరిగా ఉండాలి.

మన పొలాల్లో అతుకు లేని వైరు అరుదు. స్తంభం నుంచి స్టార్టర్‌కు, స్టార్టర్ నుంచి బోరుకు, బోరు లోపల మోటారుకు ఎక్కడో ఒకచోట జాయింటు ఉంటుంది. మోటారు పైకి తీసి దించినప్పుడల్లా ఇంకొకటి తోడవుతుంది. దాని మీద మనం చుట్టేది మామూలు నల్ల ప్లాస్టిక్ టేపు. ఆ టేపు జిగురుతో అంటుకుంటుంది. ఎండకు జిగురు జారుతుంది, నీళ్లలో నానితే అంచు లేస్తుంది. సందులోంచి నీరు రాగిని చేరుతుంది. అక్కడి నుంచి కరెంటు ఇనుప పైపులోకి, తడి నేలలోకి పాకుతుంది. ఫ్యూజు పోయినా, మోటారు కాలినా డబ్బుతో పోతుంది. ఆ సమయానికి పైపు పట్టుకున్న మనిషి ఉంటే ప్రాణమే పోతుంది.

ఈ పనికి వేరే టేపు ఉంది. ఎలక్ట్రికల్ షాపులో సెల్ఫ్ బాండింగ్ రబ్బరు టేపు అని అడగండి. దీనికి జిగురు ఉండదు. సాగదీసి పొర మీద పొర చుడితే రబ్బరు రబ్బరుతో కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది. తర్వాత విప్పుదామన్నా రాదు, కత్తితో కోయాల్సిందే. నీరు దూరే సందు ఉండదు. ధర ప్లాస్టిక్ టేపు కంటే బాగా ఎక్కువే. అయినా మోటారు పైకి లాగించే కూలీ, వైండింగ్ ఖర్చు పక్కన పెట్టి చూస్తే అదెంత?

టేపు మంచిదైతే చాలదు, చుట్టే పద్ధతి తెలియాలి. రాగి తీగలను మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. మూడు తీగల జాయింట్లు ఒకేచోట రాకుండా ఎగుడుదిగుడుగా వేయాలి. రాగిని, అల్యూమినియాన్ని నేరుగా మెలిపెట్టకూడదు. అది తడికి తినేసి వేడెక్కుతుంది. కేబుల్ పైతొడుగును తడి, మట్టి, గ్రీజు లేకుండా తుడవాలి. టేపు మీదున్న పల్చటి కాగితం తీసేసి, టేపును దాదాపు రెట్టింపు పొడవుకు సాగదీస్తూ చుట్టాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగాన్ని కప్పాలి. జాయింటుకు అటూ ఇటూ రెండేసి అంగుళాలు మంచి తొడుగు మీదికి పోవాలి. చివరి చుట్టు మాత్రం సాగదీయకుండా వేయాలి. మూడు తీగలకు విడివిడిగా చుట్టాక, అన్నీ కలిపి మళ్లీ ఒకసారి చుట్టాలి. రాపిడికి, ఎండకు చెడిపోకుండా పైన ప్లాస్టిక్ టేపు వేయాలి. మోటారు దించేముందు జాయింటును బకెట్ నీళ్లలో ముంచి, మెకానిక్ చేత మెగ్గర్ పెట్టించి చూసుకోవాలి.

ఇదంతా కరెంటు పూర్తిగా తీయించాకే. స్టార్టర్ ఆపితే సరిపోదు, స్తంభం నుంచి స్టార్టర్ దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీయడం, వేయడం మన పని కాదు. లైన్‌మన్ రావాల్సిందే, ఎంత ఆలస్యమైనా సరే.

టేపు చేయలేని పనులూ ఉన్నాయి. పెచ్చులూడిన పాత వైరును టేపు కాపాడలేదు, మార్చాల్సిందే. గట్టు మీద, బురదలో పరిచిన సర్వీసు వైరుకు ఏ టేపు చుట్టినా ప్రమాదమే. ఎర్తింగ్ లేని స్టార్టర్ డబ్బాకు టేపు బదులు కాదు.

ఇక్కడి నుంచి ప్రశ్న అవతలి వాళ్లకు. చేతికి అందేలా వేలాడే తీగలు ఎవరివి? ఒరిగిన స్తంభాలు, కంచె లేకుండా నేలమీదున్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎవరివి? స్తంభం దూరమై రైతు కర్రలు పాతి వైరు లాక్కోవాల్సిన గతి ఎందుకు పట్టింది? ఊళ్లకు సరిపడా లైన్‌మన్లను వేయకుండా, రైతు ఫ్యూజు ముట్టుకున్నాడని నింద వేస్తే ఎలా? కరెంటు ఉచితంగా ఇస్తున్నాం కదా అనేవాళ్లకు ఒకటే మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత కరెంటు వచ్చింది పోరాటాల తర్వాత. అది రైతు ప్రాణానికి కట్టిన ధర కాదు.

చట్టం కూడా మనకు దారి చూపుతోంది. కరెంటు ప్రమాదంలో ప్రాణం పోతే విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయాలని, దానిపై విచారణ జరిపించవచ్చని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ చెబుతోంది. అందుకే ప్రమాదం జరిగిన ఊళ్లో మన సంఘం ముందు అడగాల్సింది ఆ విచారణ, దాని నివేదిక. కారణం కాగితం మీదికి రాకపోతే నింద రైతు మీదే మిగులుతుంది, నష్టపరిహారమూ ఆగుతుంది.

ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ రెండు పనులు చేయాలి. ఒకటి, ఊళ్లో నమ్మకమైన మెకానిక్‌ను పిలిచి, రైతులంతా కలిసి రబ్బరు టేపు కొని, నీళ్లు పారించకముందే అతుకులన్నీ సరిచేయించాలి. చిన్న రైతు విడిగా కొనలేకపోతే నలుగురు కలిసి ఒక చుట్ట కొనండి. రెండు, వేలాడే తీగలు, ఒరిగిన స్తంభాలు, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా రాసి, సంతకాలు చేసి ఏఈకి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి. పదిహేను రోజుల్లో పని మొదలుకాకపోతే అందరం కలిసి ఆఫీసు ముందు కూర్చుందాం.

మన అతుకు గట్టిగా ఉంటే మన మాట కూడా గట్టిగా ఉంటుంది.