అన్నీ డంప్లింగ్స్ కావు

నేను మలేషియాలో, ఈపోలో పెరిగాను. మా ఊరు డిమ్ సమ్‌కి పేరు పొందిన ఊరు. ఆదివారం పొద్దున్నే స్నేహితులతో వెళ్తే, "హార్ గావ్ రెండు, సియూ మాయ్ ఒకటి" అని కాంటనీస్‌లోనే అడిగేదాన్ని. ఇంట్లో అమ్మమ్మ వినాయక చవితికి కుడుములు చేస్తే మాత్రం, "ఇండియన్ డంప్లింగ్స్ బాగున్నాయి" అనేదాన్ని. అమ్మమ్మ ఏమీ అనేది కాదు. ఇంకొకటి వడ్డించేది.

ఇప్పుడు నాకు ఆ "డంప్లింగ్" అనే మాట నచ్చదు. ఎందుకో చెప్తాను.

హార్ గావ్‌లో రొయ్యలు ఉంటాయి. "హార్" అంటేనే రొయ్య. పైపొర కోసం గోధుమ స్టార్చ్‌లో మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. ఆవిరి మీద ఉడికాక పొర అద్దంలా అవుతుంది, లోపల రొయ్య రంగు కనిపిస్తుంది. అంచున చీర కుచ్చిళ్ళలా మడతలు పెడతారు. కనీసం 7 ఉండాలంటారు, 10 దాటితే మంచి చెయ్యి అంటారు. సియూ మాయ్ వేరు. పల్చటి పసుపు పొరలో పంది మాంసం, రొయ్యలు పెట్టి, పైన తెరిచి వదిలేస్తారు. చార్ సియూ బావ్ ఇంకా వేరు. అది పొంగిన పిండితో చేసే మెత్తటి బన్ను. ఈ మూడింటికీ ఒకే పేరు పెడితే, మూడు రకాల పనితనం మనకి కనిపించదు.

"ఇంగ్లీషు పేరు చెప్తే అందరికీ అర్థమవుతుంది కదా" అని కొందరు అంటారు. కానీ హార్ గావ్ అంటే ఏమిటో నాకు ఎవరూ ఇంగ్లీషులో చెప్పలేదు. బుట్ట చూపించి అడిగాను, తిన్నాను, పేరు వచ్చేసింది. కుడుము కూడా అలాగే వచ్చేది, నేను అడిగి ఉంటే.

పోయిన చవితికి మొదటిసారి నేనే కుడుములు చేశాను. మరిగే నీళ్ళలో బియ్యప్పిండి కలుపుతుంటే హార్ గావ్ పిండి గుర్తొచ్చింది. రెండింటిలోనూ గ్లూటెన్ దాదాపు ఉండదు. అందుకే వేడి నీళ్ళతో కలిపితేనే ముద్ద అవుతుంది. ఈ మాట అమ్మమ్మకి చెప్పాలనిపించింది. పూర్ణంలో ఏమేం వేసేదో కూడా అడగాలనిపించింది. ఆమె ఇప్పుడు లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, ఈ వారం ఒక్క వంట పేరైనా అడగండి. వాళ్ళు పలికినట్టే పలకండి.

నా తెలుగులో తప్పులుంటే కింద రాయండి, దిద్దుకుంటాను.