విత్తనం దాచే స్త్రీ, విత్తనం చేసే స్త్రీ

మన సంస్థల బీరువాల్లో పాలమూరుకు సంబంధించి రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి విత్తన హక్కులది, రెండోది పత్తి విత్తన చేలల్లో పనిచేసే ఆడపిల్లలది. మొదటి ఫైలును జీవవైవిధ్యం, చిరుధాన్యాలు చూసే కార్యకర్తలు చూస్తారు. రెండోది బాలకార్మికుల సమస్య మీద పనిచేసే వాళ్ల దగ్గర ఉంటుంది. వీళ్ల నిధులు వేరు, సమావేశాలు వేరు, మాట్లాడే భాష కూడా వేరే. నిజానికి ఇవి ఒకే సమస్యకు రెండు కొసలు. విడివిడిగా పట్టుకుని లాగుతున్నంత కాలం రెండిట్లోనూ మనం సాధించేది కొంచెమే.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం ప్రకారం, మొక్కల రకాలకు ప్రతి దేశమూ పేటెంటు అయినా ఇవ్వాలి, లేదా తనదైన మరో రక్షణ విధానమైనా ఏర్పాటు చేసుకోవాలి. 1991 నాటి డంకెల్ ముసాయిదా దగ్గర్నుంచి రైతు సంఘాలు, ప్రజా సంఘాలు పోరాడాయి కాబట్టే మన దేశం పేటెంటు దారి పట్టలేదు. రైతు విత్తనం దాచుకోవడాన్ని బాగా కుదించిన 1991 నాటి 'యుపోవ్' ఒడంబడికనూ నమూనాగా తీసుకోలేదు. 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చేసుకున్నాం. కొత్త రకం తయారుచేసిన వారికి సాధారణ పంటల్లో 15 ఏళ్లు, చెట్లు, తీగజాతుల్లో 18 ఏళ్లు ప్రత్యేక హక్కులు ఉంటాయి. దానికి ఎదురుగా 39వ సెక్షన్ నిలబడి ఉంది. రక్షణ పొందిన రకమైనా సరే, రైతు తన పంటలోని విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి అమ్మడానికి మాత్రం వీల్లేదు.

ఈ సెక్షన్ బలమెంతో 2019లో చూశాం. చిప్స్‌కు వాడే ఎఫ్‌సీ-5 అనే బంగాళాదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారని పెప్సికో గుజరాత్ రైతుల మీద దావాలు వేసింది. నలుగురి మీదైతే ఒక్కొక్కరి నుంచి కోటీ 5 లక్షల రూపాయలు అడిగింది. దేశమంతా గొడవయ్యాక దావాలు వెనక్కి తీసుకుంది. కవిత కురుగంటి వేసిన దరఖాస్తు మీద 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. కానీ 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి పెప్సికో అప్పీలును అనుమతించింది. అంటే 39వ సెక్షన్ అలాగే ఉంది, దాన్ని మోసే భారం మాత్రం మళ్లీ మళ్లీ రైతుల మీదే పడుతోంది.

మనకు ఇంకా ముఖ్యమైనది ఈ చట్టం 'రైతు' అన్న మాటకు ఇచ్చిన అర్థం. స్వయంగా సాగు చేసేవారు, దగ్గరుండి చేయించేవారు మాత్రమే కాదు. సంప్రదాయ రకాలను ఒంటరిగా గానీ మరొకరితో కలిసి గానీ కాపాడుతున్నవారు, మంచి గుణాలు గుర్తించి ఏరి మెరుగుపరిచేవారు కూడా రైతులే. పట్టా ఊసు ఎక్కడా లేదు. 2018లో మన రాష్ట్రం తెచ్చిన రైతుబంధుతో పోల్చి చూడండి. పట్టాదారు పాసుపుస్తకం ఉంటేనే అక్కడ రైతుగా లెక్కించేవారు. కౌలుదారులకే దిక్కు లేనప్పుడు, భర్త పేరునో మామ పేరునో ఉన్న చేలో బతుకంతా పనిచేసిన ఆడమనిషి సంగతి చెప్పేదేముంది? (ఇంగ్లీషు పాఠంలో రైతును సూచించే సర్వనామం 'హిజ్' అనే ఉంది. తెలుగులో 'తన' అన్న మాట ఆ చిక్కు లేకుండా చేసింది.)

కోడేరు వైపు ఊళ్లలో స్త్రీల సంఘాలతో కూర్చున్నప్పుడు ఈ నిర్వచనం చదివి వినిపించాను. వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. పచ్చజొన్నలో కంకి చూసి విత్తనానికి పక్కన పెట్టేది వాళ్లే. కందులకు ఎర్రమట్టి పట్టించి, బూడిద, వేపాకు వేసి దాచేదీ వాళ్లే. పుట్టింటి నుంచి చిక్కుడు గింజ, అనుప గింజ కొంగున కట్టుకుని అత్తగారి ఊరికి తెచ్చేదీ, పక్కింటికి చేబదులిచ్చేదీ వాళ్లే. చట్టం చెప్పే దాచుకోవడం, మార్చుకోవడం, పంచుకోవడం అన్న క్రియలన్నీ వీళ్ల దినచర్య. తేడా వచ్చేదల్లా కాగితం దగ్గర. విత్తనం కొన్న రసీదు మొగవాడి పేరున ఉంటుంది. చెప్పినంత దిగుబడి రాకపోతే పరిహారం అడిగే హక్కు 39వ సెక్షన్‌లోనే ఉంది గానీ, ఆ రసీదు లేకుండా అడగడం కష్టం. నష్టం మాత్రం ఇద్దరిదీ.

ఇంతవరకూ మొదటి ఫైలు. కోడేరు నుంచి పడమరగా కృష్ణ దాటి నడిగడ్డకు వెళితే రెండోది మొదలవుతుంది. గద్వాల చుట్టుపక్కల ఊళ్లు దేశానికి పత్తి విత్తనం చేసిపెట్టే కేంద్రాల్లో ఒకటి. అక్కడ పండేది మామూలు పత్తి కాదు, సీడు పత్తి. కంపెనీ ఆడ, మగ మూల విత్తనాలు ఆర్గనైజరుకు ఇస్తుంది, ఆర్గనైజరు రైతుకిస్తాడు, దాంతో పాటు అప్పూ ఇస్తాడు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం నుంచి వెతికి, రేకులూ పుప్పొడి భాగమూ గిల్లేయాలి. తెల్లవారాక మగ చెట్టు పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఇలా ఒక్కొక్క పువ్వుకూ చేయాలి. పువ్వు ఆగదు కాబట్టి సీజనంతా రోజూ చేయాలి. పురుగుమందు కొట్టిన చేలోనే చేయాలి. పండిన విత్తనంలో గింజ కూడా రైతు ఉంచుకోవడానికి లేదు. స్వచ్ఛత పరీక్షలో తప్పిందంటే లాటు మొత్తం పక్కన పడుతుంది, అప్పు నిలబడుతుంది.

ఈ పని ఎవరు చేస్తున్నారన్నది కొత్త విషయం కాదు. దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా 2001లో ప్రచురించిన పరిశోధన ఆంధ్రప్రదేశ్ సీడు పత్తి చేలల్లో కట్టుకూలీల వయసూ లింగమూ ఎలా మారుతూ వచ్చాయో చూపింది. పెద్దవాళ్ల స్థానంలోకి ఆడపిల్లలు వచ్చారు, సీజను ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టింది. తర్వాతి అధ్యయనాల తర్వాత, ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థల కృషి వల్ల కంపెనీలు కొన్ని హామీలిచ్చాయి. అయినా 2015లో వచ్చిన ఒక నివేదిక దేశం మొత్తం మీద పత్తి విత్తన చేలల్లో దాదాపు 5 లక్షల మంది పిల్లలున్నారని లెక్కగట్టింది. వారిలో ఎక్కువ మంది ఆడపిల్లలే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చు అన్నారు. అరెకరం, ఎకరం సీడు పత్తి వేసే ఇంటికి ఆ మినహాయింపు ఎలా ఉపయోగపడుతుందో చెప్పక్కరలేదు.

ఆడపిల్లల వేళ్లు సన్నవి, మొగ్గ నలగదు అంటారు. ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీల విషయంలో ఇదే వాదాన్ని డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే తుత్తునియలు చేశారు. వేళ్లు సన్నవి కావడం కాదు, కూలి సన్నది కావడం కారణం.

ఇప్పుడు రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. హైబ్రిడ్ విత్తనం మొదటి ఏడాది బాగా పండుతుంది. దాని గింజ దాచి మళ్లీ వేస్తే మొక్కలు ఒక్కతీరుగా రావు, దిగుబడి పడిపోతుంది. చట్టం దాచుకోనిస్తుంది, విత్తనం దాచుకోనివ్వదు. ప్రపంచంలో పత్తి పండించే దేశాల్లో చాలావాటిలో రైతులు వేసేది హైబ్రిడ్లు కావు, సూటి రకాలు. పత్తిలో హైబ్రిడ్‌ను పెద్ద ఎత్తున సాగులోకి తెచ్చింది మనమే. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4 ప్రపంచంలో మొదటి వాణిజ్య పత్తి హైబ్రిడ్. శాస్త్రంగా అది గొప్ప విజయమే. కానీ ఒక్కొక్క పువ్వునూ చేత్తో సంకరపరచడం గిట్టుబాటు కావాలంటే ఆ చేతులు చవకగా దొరకాలి. ఇక్కడ దొరికాయి. 2002లో బీటీ వచ్చాక కంపెనీలు ఆ జన్యువును ఎక్కువగా హైబ్రిడ్లలోనే పెట్టి అమ్మాయి. అలా గద్వాల చేలో ఆడపిల్లకు తక్కువ కూలి ఇవ్వగలగడమే కోడేరు చేలో ఆడమనిషికి విత్తనం దాచుకునే హక్కు లేకుండా చేసింది. ఆ పిల్ల తల్లి కోడేరు లాంటి ఊళ్లోనే ఏ ఏటికాయేడు పత్తి ప్యాకెట్ కొంటూ ఉండవచ్చు.

1966 విత్తన చట్టంలో విత్తనం చేసే కూలీ మాట లేదు. 2001 చట్టంలోనూ లేదు. రకాన్ని పుట్టించినవారికి హక్కుంది, పాత రకాన్ని కాపాడినవారికి హక్కుంది. గింజను చేత్తో పుట్టించేవారికి పేరే లేదు. 2025 నవంబరులో కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదాను అభిప్రాయాల కోసం విడుదల చేసినప్పుడు మన సంస్థలు నకిలీ విత్తనాల గురించి మాట్లాడాయి. అది అవసరమే. కూలి గురించి మాత్రం మనమూ పెద్దగా అడగలేదని నా ఫిర్యాదు. కంపెనీ ఇచ్చే సేకరణ ధరలో పెద్దవాళ్లకు కనీస వేతనం ఇమిడి ఉందా లేదా అన్న లెక్క బయటపెట్టించాలి. ఆ ధర తక్కువగా ఉన్నంత కాలం చిన్న రైతు పిల్లల్నే వెతుకుతాడు. అతన్ని మాత్రమే దోషిగా నిలబెట్టి మనం ఇంటికి రాలేం.

ఉన్న చట్టంలో చేయగలిగినవీ ఉన్నాయి. రైతు రకాలను ఎవరికివారే కాదు, సమూహంగా కూడా రిజిస్టరు చేసుకోవచ్చు, రైతులకు ఫీజులుండవు. కొత్త రకానికి గ్రామీణ, ఆదివాసీ కుటుంబాలు కాపాడిన విత్తనం వాడుంటే ఆ సంగతి దరఖాస్తులో చెప్పాలని 40వ సెక్షన్ అంటోంది. ఒక ఊరి తరఫున స్వచ్ఛంద సంస్థ కూడా హక్కు కోరవచ్చని 41వ సెక్షన్ అంటోంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఊరూరా విత్తన నిధులు నిలబెట్టారు, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా పొందారు. పచ్చజొన్న, ఆముదం, ఉలవ ఇంకా మిగిలున్న నాగర్‌కర్నూల్, వనపర్తి ఊళ్లలో అలాంటి నమోదు జరగాలి. దరఖాస్తులో పేర్లు రాసేటప్పుడు విత్తనం ఎవరు దాచారో వాళ్ల పేర్లే రాయాలి, ఇంటి యజమాని పేరు కాదు. మొక్కల రకాల ప్రాధికార సంస్థలో వ్యవసాయంతో సంబంధమున్న మహిళా సంఘానికి ఒక స్థానం చట్టమే కేటాయించింది. అక్కడ కూర్చునేవారికి మన నుంచి ఎన్ని వినతిపత్రాలు వెళ్లాయి?

నడిగడ్డలోనూ, అక్కడికి కూలీలను పంపే మండలాల్లోనూ పనిచేస్తున్న కార్యకర్తలకు ఒక విన్నపం. ఈ వానాకాలం క్రాసింగ్ పనికి స్త్రీలకెంత, మొగవాళ్లకెంత, అడ్వాన్సు ఎప్పుడు ఎవరి చేతికి ఇచ్చారు, రోజుకెన్ని గంటలు, రైతుకు కిలోకు చివరికి ముట్టిందెంత అన్నవి ఊరివారీగా రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు. వచ్చిన వివరాలను వచ్చే సంచికలో ఒకే పట్టికగా వేస్తాం.