గొలుసు ఆపలేనిది

మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలో శ్రీశైలం వైపు వెళ్తుంటే, రోడ్డు పక్కన కారు ఆపుకొని ఒక కుటుంబం నాలుగు నెలల లాబ్రడార్ పిల్లను తిప్పుతోంది. అది ఎండుటాకుల్ని వాసన చూసి, ఓ చెట్టు మొదట్లో మూత్రం పోసింది. “గొలుసు వేసే ఉంచాం సార్, టీకాలు కూడా వేయించాం” అన్నారు ఆ ఇంటి పెద్ద. పశువైద్యుణ్ణి కదా, టీకాల పుస్తకం చూపించమన్నాను. రేబిస్ స్టిక్కరు ఉంది. డిస్టెంపర్‌కు మాత్రం మొదటి డోసు ఒక్కటే పడింది, తర్వాతి గళ్లు ఖాళీ. నా భయం ఆ ఖాళీ గళ్ల గురించే.

డిస్టెంపర్ వైరస్ మనుషుల్లో తట్టు తెచ్చే వైరస్‌కు దగ్గరి చుట్టం. తుమ్ము తుంపర్లలో, చీమిడిలో, మూత్రంలో బయటికొస్తుంది. అది కుక్కలతో ఆగదు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో సుమారు 3,000 సింహాలుంటే, మూడోవంతు దీనికే బలయ్యాయి. ఆధారాలు చుట్టుపక్కల ఊళ్ల కుక్కల వైపే చూపించాయి. 2018లో మన గిర్ అడవిలో మూడు వారాల్లో 23 సింహాలు చనిపోతే, నమూనాల్లో ఇదే వైరస్ బయటపడింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించాల్సి వచ్చింది. రష్యా తూర్పు కొసన పులులు కూడా దీనితో చనిపోయాయి. మన నల్లమలలో పులి, చిరుత, రేచుకుక్క ఉన్నాయి. మూడింటికీ ఇది సోకగలదు.

పెద్ద ముప్పు అడవి అంచు ఊళ్లలో తిరిగే కుక్కల నుంచే. టీకాలన్నీ పడిన పెంపుడు కుక్కతో ఈ ప్రమాదం చాలా తక్కువ. కానీ టీ కొట్టు దగ్గర మన కుక్కపిల్లా, ఊరకుక్కా ముక్కూ ముక్కూ రాసుకుంటాయి. ఎవరి జబ్బు ఎవరికి అంటినా గొలుసు ఆపలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యానికి 5 కిలోమీటర్ల లోపు పశువులకు టీకాలు వేయించమంటుంది. అది చెప్పే పశువుల్లో ఎద్దు, మేక, కోడి, బాతు పేర్లున్నాయి, కుక్క పేరు లేదు.

జబ్బు లేని కుక్కతోనూ అడవికి ఇబ్బందే. సిడ్నీ శివారు అడవుల్లో గొలుసుతోనే కుక్కల్ని నడిపించి చూసిన అధ్యయనం 2007లో వెలువడింది. కుక్క నడిచిన బాటల్లో పక్షి జాతులు 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి. కుక్కలు రోజూ తిరిగే బాటల్లోనూ పక్షులు వాటికి అలవాటు పడలేదు.

అందుకే అడిగేది: నేషనల్ పార్కుకు వెళ్తే కుక్కను ఇంట్లోనో, నమ్మకమైన మనిషి దగ్గరో ఉంచండి. శ్రీశైలం దారిలో తీసుకెళ్లక తప్పకపోతే, చెక్‌పోస్టుల మధ్య కిందికి దింపకండి. కుక్కపిల్లకు 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి డిస్టెంపర్ డోసు, తర్వాత బూస్టర్లు పడాలి. రేబిస్ స్టిక్కరు చూసి పుస్తకం మూసేయకండి, పక్క గడి కూడా చూడండి. మీ కుక్కకు టీకా వేయించడానికి మీరున్నారు. నల్లమల పులికి ఎవరూ లేరు.