కొలిచి చూడని తుంపర: క్రీడా మైదానాల నీటి యాజమాన్యంలో విస్తరణ విభాగపు బాధ్యత

హైదరాబాదు తూర్పు భాగాన గల ఉప్పల్, నాచారం ప్రాంతాలలో గోల్ఫ్ మైదానం లేదు. నగరపు గోల్ఫ్ మైదానాలు గోల్కొండ నయా ఖిలాలోను, గచ్చిబౌలిలోను, బొల్లారంలోను ఉన్నవి. అయినప్పటికీ గోల్ఫ్ మైదానపు స్ప్రింక్లర్లకు సంబంధించిన ప్రశ్నలన్నీ ఈ తూర్పు ప్రాంతానికి కూడా వర్తిస్తాయి. 2005 నవంబరులో తొలి అంతర్జాతీయ వన్‌డే పోటీకి వేదికైన రాజీవ్ గాంధీ క్రీడా మైదానం ఉప్పల్‌లో ఉన్నది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి విశాలమైన ప్రాంగణాలు ఉప్పల్ రహదారి వెంట ఉన్నవి. నాచారం పారిశ్రామికవాడ, కొత్త నివాస సముదాయాలు, పాఠశాలల ఆటస్థలాలు వీటికి తోడు. పచ్చిక ఉన్న ప్రతిచోటా భూమిలోనుండి పైకి లేచి తిరిగే స్ప్రింక్లర్ నేడు సాధారణ దృశ్యమైనది.

ఆ స్ప్రింక్లర్ తిరుగుచున్నదా లేదా అన్నది అందరూ చూస్తారు. అది వెదజల్లిన నీరు నేలపై సమానంగా పడినదా లేదా అన్నది చూచేవారు అరుదు. ఈ రెండవ ప్రశ్నకు కొలతతో సమాధానం చెప్పనిదే ఏ స్ప్రింక్లర్ వ్యవస్థనూ పూర్తయినదిగా అంగీకరించరాదు. ఆ కొలతను నేర్పవలసిన బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలది.

పొలంలో పుట్టిన పరికరం

గోల్ఫ్ మైదానపు నీటిపారుదల వ్యవసాయ శాస్త్రానికి పరాయి విషయమన్న భావన కొందరిలో ఉన్నది. చరిత్ర దీనిని సమర్థించదు. సుత్తి దెబ్బతో తిరిగే స్ప్రింక్లర్‌ను 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన ఆర్టన్ ఇంగిల్‌హార్ట్ అనే నిమ్మజాతి తోటల రైతు రూపొందించాడు. నీటి పంపిణీ ఏకరూపతను లెక్కించే గుణకాన్ని 1942లో క్రిస్టియన్‌సెన్ ప్రతిపాదించినది కూడా పంటల సేద్యం కొరకే. గోల్ఫ్ మైదానాలలో విస్తారంగా పెంచే టిఫ్‌వే రకపు పచ్చిక, సాధారణ గరికకు ఆఫ్రికా గరికకు పుట్టిన సంకరం. అది జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం నుండి 1960లో వెలువడినది. అమెరికా గోల్ఫ్ సంఘం 1920లో తన పచ్చిక విభాగాన్ని నెలకొల్పినపుడు అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తల సహాయాన్నే ఆశ్రయించినది.

తెలుగు నాట తుంపర సేద్యం వ్యాప్తిలోకి రావడానికి 2003లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన సూక్ష్మ సేద్య పథకం ప్రధాన కారణం. వేరుశనగ రైతు పొలంలో 12 మీటర్ల ఎడంతో మార్చి మార్చి పెట్టే స్ప్రింక్లర్‌కు, మైదానంలో శాశ్వతంగా పాతిన స్ప్రింక్లర్‌కు పనిచేసే సూత్రం ఒకటే. భేదమల్లా పరిమాణంలోను, పీడనంలోను, నిర్వహణ బాధ్యతలోను ఉన్నది. రైతు లోపాన్ని పంట దిగుబడిలో చూస్తాడు. మైదానపు యాజమాన్యం మాత్రం మరికొంత నీరు పెట్టి లోపాన్ని కప్పిపుచ్చగలదు. అందువలన నగరంలో లోపం కనబడదు, నీరు మాత్రం ఖర్చవుతుంది.

స్థాపన, నిర్వహణ

స్ప్రింక్లర్లను అమర్చడంలో మొదటి నియమం, ఒక స్ప్రింక్లర్ విసిరిన నీరు పక్క స్ప్రింక్లర్ పాదం వరకు చేరవలెను. ఒక్క స్ప్రింక్లర్ ఎన్నడూ సమానంగా తడపలేదు. దగ్గర ఎక్కువగా, దూరంగా తక్కువగా నీరు పడుతుంది. రెండు మూడు స్ప్రింక్లర్ల వలయాలు ఒకదానిపై ఒకటి పడినపుడే హెచ్చుతగ్గులు సరిపోతాయి. ఖర్చు తగ్గించడానికి ఎడం పెంచిన గుత్తేదారు ఆదా చేసినది ఒక్కసారి మాత్రమే. దాని మూల్యాన్ని ఆ మైదానం ఏటేటా నీటి రూపంలో చెల్లిస్తుంది.

రెండవది పీడనం. నాజిల్ వద్ద పీడనం తక్కువైనచో నీరు పెద్ద చుక్కలై ఒక వలయంగా పడుతుంది. ఎక్కువైనచో పొగమంచువలె చెదరి గాలికి పోతుంది. పంపు వద్ద ఉన్న మీటరును చూచి తృప్తిపడక, వరుసలో చివరి నాజిల్ వద్ద కొలవడం అవసరం. మూడవది నీరు పెట్టే వేగం. హైదరాబాదు పరిసరాల ఎర్ర చల్కా నేలలు సహజంగా నీటిని బాగానే ఇంకించుకొంటాయి. కాని రోలరు తొక్కిన మైదానంలోను, నిర్మాణపు మట్టి నింపిన ప్రాంగణంలోను ఆ గుణం మిగలదు. అట్టిచోట ఒకేసారి అరగంట నీరు పెట్టుటకంటే, పది నిమిషాల చొప్పున మూడు విడతలుగా మధ్యలో విరామమిచ్చి పెట్టడం మేలు. తెల్లవారుజామున పెట్టినచో గాలి తక్కువగా ఉంటుంది. ఆకు తడిసి ఉండే సమయం కూడా పెరగదు కావున తెగుళ్ళ బెడద తగ్గుతుంది.

నాజిళ్లు బిగించుటకు ముందే పైపులను నీటితో బాగుగా కడిగివేయవలెను. ఈ పని మరచినచో తవ్వకంలో చేరిన ఇసుక మొదటి రోజే గేర్లలో చిక్కుకొంటుంది. స్ప్రింక్లర్‌ను పైపునకు నేరుగా బిగించక, కదలికకు వీలిచ్చే కీలు అతుకుతో కలిపినచో గడ్డికోత యంత్రం ఎక్కినపుడు పైపు విరగదు.

నిర్వహణలో కనిపించే లోపాలు ఇంకను సామాన్యమైనవి. మొదటి వర్షాకాలం గడిచేసరికి పూడ్చిన మట్టి కుంగి స్ప్రింక్లర్ తల నేలలోకి దిగుతుంది, లేదా ఒక పక్కకు వాలుతుంది. గరిక దాని చుట్టూ అల్లుకొని నీటి ధారకు అడ్డుపడుతుంది. అరిగిన నాజిల్‌కు బదులు చేతికి దొరికిన వేరొక కొలత నాజిల్ బిగిస్తారు. అన్నింటికంటే హానికరమైన అలవాటు మరొకటి ఉన్నది. ఎక్కడో ఒకచోట పచ్చిక ఎండి మచ్చ ఏర్పడగానే, కారణం వెదకకుండా ఆ వరుస మొత్తానికి నీరు పెట్టే సమయాన్ని పెంచడం. ఆ మచ్చ పచ్చబడేసరికి దాని చుట్టుప్రక్కల నేల బురదవుతుంది, వేర్లు పైకి వస్తాయి, శిలీంధ్రాలు చేరుతాయి. ఒక వాలిన తలను నిలబెట్టడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. దానిని గుర్తించగల కన్ను లేకపోవడమే అసలు కొరత.

గిన్నెల పరీక్ష చెప్పే లెక్క

ఈ కొరతను తీర్చడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒకే కొలత మూతిగల 24 గిన్నెలను స్ప్రింక్లర్ల మధ్య సమాన దూరంలో గళ్ళవలె అమర్చి, గాలి లేని వేళ పదిహేను నిమిషాలు నీరు వదలి, ప్రతి గిన్నెలో చేరిన నీటిని కొలపాత్రతో కొలవవలెను. వచ్చిన కొలతలను ఆరోహణ క్రమంలో వ్రాసి, అతి తక్కువ నీరు చేరిన ఆరు గిన్నెల సగటును మొత్తం గిన్నెల సగటుతో భాగించినచో ఏకరూపత శాతం తెలుస్తుంది.

ఉదాహరణకు మొత్తం సగటు 40 మి.లీ., అతి తక్కువ నీరు చేరిన ఆరు గిన్నెల సగటు 22 మి.లీ. అయినచో ఏకరూపత 55 శాతం. వేసవిలో పచ్చికకు రోజుకు 5 మి.మీ. నీరు అవసరమని భావించినచో, తక్కువ తడిసే భాగానికి కూడా ఆ మేరకు అందించడానికి మైదానమంతటా సగటున 9.1 మి.మీ. పెట్టవలసివస్తుంది. అదే ఏకరూపత 80 శాతం ఉన్నచో 6.25 మి.మీ. సరిపోతుంది. ఒక హెక్టారుపై ఒక మి.మీ. అనగా 10,000 లీటర్లు. కావున ఈ రెండింటి భేదం హెక్టారుకు రోజుకు సుమారు 28,400 లీటర్లు. పట్టణ నీటి సరఫరాకు ప్రమాణంగా తీసుకొనే తలసరి 135 లీటర్ల చొప్పున లెక్కించినచో, ఇది దాదాపు 210 మంది దినసరి అవసరానికి సమానం. క్రికెట్ మైదానపు పచ్చిక సుమారు ఒకటిన్నర హెక్టార్లు, పద్ధెనిమిది గుంతల గోల్ఫ్ మైదానంలో నీరు పెట్టే భాగం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఉప్పల్, నాచారం గ్రానైట్ శిలపై నిలిచిన ప్రాంతాలు. ఇక్కడ భూగర్భ జలం శిల పైపొరలోను, పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. ఒక ప్రాంగణపు బోరు లాగిన నీరు పక్క కాలనీ బోరుకు అందని నీరు కావచ్చును. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధికి, గోడ అవతల పచ్చికలో వృథా అయ్యే నీటికి మధ్య సంబంధం ఊహ కాదు. అది జలభూగర్భ శాస్త్రపు వాస్తవం.

శుద్ధి చేసిన నీరు, దాని షరతులు

ఈ ప్రాంతానికి ఒక సానుకూలత ఉన్నది. మూసీ కాలుష్య నివారణ పథకం క్రింద నాగోలులో రోజుకు 17.2 కోట్ల లీటర్లు, ఉప్పల్ నల్లచెరువు వద్ద 3 కోట్ల లీటర్లు శుద్ధి చేసే సామర్థ్యంతో కేంద్రాలు నిర్మించబడినవి. 25 హెక్టార్ల పచ్చికకు రోజుకు 5 మి.మీ. చొప్పున కావలసినది 12.5 లక్షల లీటర్లు, అనగా నల్లచెరువు కేంద్రపు ఆ సామర్థ్యంలో సుమారు 4 శాతం. మురుగునీటితో గడ్డి పెంచడం ఈ నేలకు కొత్త కాదు. ఉప్పల్‌ను ఆనుకొన్న పీర్జాదిగూడ పరిసరాలలో మూసీ నీటితో పారాగడ్డి పెంచి నగరపు పాడి పశువులకు అమ్మిన వైనాన్ని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ అధ్యయనం చేసినది.

కాని కాలువలో పారే నీరు వేరు, గాలిలోకి తుంపరగా లేచే నీరు వేరు. ప్రజలు నేరుగా తాకే పచ్చికకు వాడే నీటిలో 100 మి.లీ.కు 200కు మించి మలసంబంధ కోలిఫారం బ్యాక్టీరియా ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989 మార్గదర్శకాలు సూచించినవి. కావున క్రిమిసంహరణ, మనుష్య సంచారం లేని వేళ నీరు పెట్టడం, త్రాగునీటి పైపులతో ఎక్కడను కలవకుండా వేరు రంగు పైపులు వాడడం తప్పనిసరి. శుద్ధి చేసిన నీటిలో మిగిలే నాచు, జిగురు నాజిళ్లను త్వరగా మూసివేస్తాయి. డిస్క్ ఫిల్టర్లను క్రమం తప్పక కడగవలసి ఉంటుంది. లవణాలను గరిక కొంతవరకు తట్టుకొన్నను నేల పరీక్ష ఏటా జరగవలెను. అనగా శుద్ధి చేసిన నీటికి మారిన మైదానానికి నిర్వహణ నైపుణ్యం మరింత అవసరం.

రెండు ఆక్షేపణలు

గోల్ఫ్ సంపన్నుల క్రీడ, ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయం దాని పచ్చికను గూర్చి ఎందుకు ఆలోచించవలెనని కొందరు అడుగవచ్చును. మైదానం కొందరిది కావచ్చును గాని దాని క్రింది నీరు అందరిది. పైగా ఇట్టి యాజమాన్యాలు పరీక్షకు రుసుము చెల్లించగలవు. ఆ రాబడితో రైతు పొలాలలో అదే పరీక్షను ఉచితంగా జరపవచ్చును.

నీటి కొరతగల నగరంలో పచ్చికే అనవసరమన్నది రెండవ ఆక్షేపణ. ఇందులో బలమున్నది. ఆటకు అక్కరలేని అంచులను వర్షాధారంగా వదలివేయడం, అలంకారపు పచ్చికను తగ్గించడం సముచితమే. కాని ఎక్కడ తగ్గించవచ్చునో చెప్పడానికైనా ఎక్కడ ఎంత పడుచున్నదో ముందు తెలియవలెను. కొలత లేని పొదుపు ఉపన్యాసంగా మిగిలిపోతుంది.

చేయవలసిన పని

తెలంగాణలో స్ప్రింక్లర్ల ఇంజినీరింగు ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిధిలోను, పచ్చికల పెంపకం శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయపు పరిధిలోను ఉన్నవి. పచ్చిక నీటిపారుదల ఈ రెండింటి నడుమ రెండింటికీ చెడ్డ రేవడి కాకుండా చూడవలసి ఉన్నది. అందుకు నాలుగు చర్యలు తక్షణం సాధ్యమైనవి.

ఒకటి, వ్యవసాయ ఇంజినీరింగు విద్యార్థి ప్రతి ఒక్కరూ పట్టా పొందేలోగా ఒక రైతు పొలంలోను, ఒక నగర మైదానంలోను గిన్నెల పరీక్ష స్వయంగా జరిపి నివేదిక సమర్పించవలెను. రెండు, నగరంలోని ప్లంబర్లకు, తోటమాలులకు, మైదాన సిబ్బందికి నాజిల్ ఎంపిక, పీడన కొలత, ఫిల్టరు శుభ్రతలపై స్వల్పకాలిక శిక్షణ ఇవ్వవలెను. నాచారం వంటి పారిశ్రామికవాడలలో మరమ్మతు పనివారికి కొదవ లేదు; వారి చేతికి ఈ శాస్త్రాన్ని అందించడమే మిగిలిన పని. మూడు, స్ప్రింక్లర్ వ్యవస్థను అప్పగించే సమయంలోను, ప్రతి వర్షాకాలం తరువాతను ఏకరూపత ధ్రువపత్రం ఉండవలెనన్న నిబంధనను గుత్త ఒప్పందాలలో చేర్చుటకు నమూనా పాఠాన్ని విశ్వవిద్యాలయం సిద్ధపరచవలెను. నాలుగు, రాయితీతో రైతులకిచ్చే తుంపర సేద్య పరికరాల ప్రగతిని హెక్టార్ల లెక్కలో మాత్రమే కాక, పొలంలో కొలిచిన ఏకరూపతతో కూడా నమోదు చేయవలెను.

ఇరవైనాలుగు గిన్నెలు, ఒక కొలపాత్ర, ఒక గడియారం, పీడనం కొలిచే ఒక చిన్న మీటరు. ఏ విద్యార్థి బృందమైనను ఒక ఉదయంలో ఒక మైదానాన్ని పరీక్షించడానికి ఇవి చాలును. వచ్చే వేసవికి ముందే ఉప్పల్, నాచారం ప్రాంతాలలో సమ్మతించిన ప్రాంగణాలతో ఈ పని మొదలుపెట్టి, ఫలితాలను ఆ యాజమాన్యాలకు తెలుగులో వ్రాసి ఇచ్చినచో, తదుపరి సంవత్సరం అడగకుండానే ఇతరులు ముందుకు వచ్చే అవకాశమున్నది.