ఎముకకు దేశభక్తి పరీక్షలా?

2025 ఆగస్టు 4న ఓవల్‌లో మహమ్మద్ సిరాజ్ చివరి వికెట్ పడగొట్టి ఇంగ్లండ్‌తో సిరీస్‌ను 2-2తో సమం చేసినప్పుడు హైదరాబాద్ మురిసిపోయింది. మురవాల్సిందే. అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు మనవాడు. ఆ సంబరంలోనే ఒక వాదం ఊపందుకుంది. వర్క్‌లోడ్ (పనిభారం) అనే పదాన్నే భారత క్రికెట్ నిఘంటువులోంచి తీసేయాలన్నారు సునీల్ గవాస్కర్. సరిహద్దులో జవాన్లు చలి వేస్తోందని ఫిర్యాదు చేస్తారా అని అడిగారు. విరిగిన పాదంతో బ్యాటింగ్‌కు దిగిన రిషభ్ పంత్‌ను ఆదర్శంగా చూపారు. అభిమానులు ఆ మాటను అందిపుచ్చుకుని, మూడు టెస్టులే ఆడిన జస్‌ప్రీత్ బుమ్రా మీదికి తిప్పారు. దేశం కోసం ఒకడు ఒళ్లు హూనం చేసుకుంటుంటే, ఇంకొకడు లెక్కలు వేసుకుంటున్నాడట!

గవాస్కర్ ఆటకు చేతులెత్తి మొక్కుతాను. ఈ వాదాన్ని మాత్రం ఒప్పుకోను. ఇది తప్పు మాత్రమే కాదు, పిల్లల ఎముకల మీదికి తెచ్చే వాదం.

సిరాజ్ వెన్నూ బుమ్రా వెన్నూ ఒకటి కాదు. బుమ్రాకు 2019లోనే వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. 2022లో మళ్లీ నొప్పి మొదలై ఆసియా కప్‌కు దూరమయ్యాడు. టీ20 ప్రపంచ కప్ ముంచుకొస్తోంది కాబట్టి సెప్టెంబరులోనే తిరిగొచ్చాడు. నాగ్‌పూర్‌లో రెండు ఓవర్లు వేశాడు. రెండు రోజులకే మన ఉప్పల్‌లో నాలుగు ఓవర్లు వేసి, వికెట్ లేకుండా 50 పరుగులిచ్చాడు. అంతే, వెన్ను మొరాయించింది. ఏ ప్రపంచ కప్ కోసం తొందరపడ్డారో ఆ ప్రపంచ కప్పే పోయింది. 2023 జనవరిలో శ్రీలంకతో వన్డేలకు పేరు చేర్చి మళ్లీ తీసేశారు. మార్చిలో న్యూజిలాండ్‌లో సర్జరీ జరిగింది. ఆ తర్వాత ఎవరూ తొందరపెట్టలేదు. ఆగస్టులో ఐర్లండ్‌లో దిగి మొదటి ఓవర్‌లోనే రెండు వికెట్లు తీశాడు, ఆ ఏటి వన్డే ప్రపంచ కప్‌లో 20 తీశాడు. అదే మనిషి, అదే వెన్ను. రెండు పునరాగమనాల మధ్య తేడా ధైర్యంలో ఉందా, వ్యవధిలో ఉందా?

ఎముక అతకడం అంటే ఏమిటో చూడాలి. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ రెండు అంచుల మధ్య మెత్తటి కణజాలం అల్లుకుని, క్రమంగా గట్టిపడుతుంది. కట్టు విప్పే నాటికి జరిగేది ఇంతవరకే. ఉబ్బెత్తుగా ఉన్న ఆ అతుకును శరీరం చెక్కి, బరువు పడే దిశలో పేర్చుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. స్ట్రెస్ ఫ్రాక్చర్ ఒక్క దెబ్బతో వచ్చేది కాదు, వేలసార్లు అదే చోట పడిన భారంతో వస్తుంది. దెబ్బతిన్న పాత ఎముకను శరీరం ముందు తొలిచేస్తుంది, తర్వాత కొత్తది నింపుతుంది. తొలిచే పని వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు కావాలి. ఆ మధ్యకాలంలో ఎముక మామూలు కన్నా బలహీనంగా ఉంటుంది. ఊపిరి, కండ మాత్రం తొందరగా కోలుకుంటాయి. అందుకే ఆటగాడికి ‘నాకేం, బాగానే ఉన్నాను’ అనిపించేది సరిగ్గా ఆ ప్రమాదకరమైన రోజుల్లోనే.

పంత్ సంగతికొద్దాం. మాంచెస్టర్‌లో 37 దగ్గర దెబ్బతగిలి వెళ్లిపోయి, మర్నాడు కుంటుతూ వచ్చి 54 చేశాడు. ఆ 17 పరుగులకు దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఓవల్ టెస్టు, ఆసియా కప్, వెస్టిండీస్‌తో టెస్టులు, అన్నీ పోయాయి. మళ్లీ మ్యాచ్ ఆడింది అక్టోబరు చివర్లో, భారత్-ఎ జట్టు తరఫున. ఆదర్శంగా చూపాల్సినది ఆ మూడు నెలల ఓపిక. దాన్ని ఏ చానలూ చూపలేదు.

పాత రోజుల్లో ఈ లెక్కలేవీ లేవంటారు. కపిల్ దేవ్ పేరు చెబుతారు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ పేరు మాత్రం చెప్పరు. 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఆయన వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు బయటపడ్డాయి. మొండేనికి వారాల తరబడి పిండికట్టు వేశారు. విశ్వవిద్యాలయ నిపుణుడు ఫ్రాంక్ పైక్ సాయంతో ఒంటిని మెట్టు మెట్టుగా కట్టుకుంటూ, కొంతకాలం బంతి ముట్టకుండా బ్యాట్స్‌మన్‌గానే క్లబ్ క్రికెట్ ఆడి, 1974-75 యాషెస్‌కు తిరిగొచ్చాడు. 355 టెస్టు వికెట్లతో రిటైరయ్యాడు. యాభై ఏళ్ల కిందటి వర్క్‌లోడ్ లెక్క అది.

మెల్లగా రావడమంటే మంచం పట్టడమని మన ఇళ్లలో ఇంకో అపోహ. బరువు పడని ఎముక బలం కోల్పోతుంది. పడే భారాన్ని బట్టి ఎముక తనను తాను మలచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. కాబట్టి భారం వేయాలి, కొలిచి వేయాలి. నొప్పి లేకుండా నడక, తర్వాత నడక-పరుగు, రోజు విడిచి రోజు. బౌలర్‌కైతే సగం వేగంతో కొన్ని బంతులు, మర్నాడు విశ్రాంతి. పొద్దున లేచేసరికి ఆ చోట నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి. ఇది విసుగు పుట్టించే చాకిరీ. మొండితనం కావలసింది ఇక్కడే.

తిరిగొచ్చిన కొత్తలో ఓటములూ తప్పవు. పి.వి. సింధు 2022 కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో. ఆ గాయం నుంచి తిరిగొచ్చాక 2023లో ఆమెకు ఒక్క టైటిలూ దక్కకపోతే, పనైపోయిందన్నారు చాలామంది. 2024 డిసెంబరులో సయ్యద్ మోదీ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచింది.

వీళ్లకు బోర్డులున్నాయి, ఫిజియోలున్నారు. జిల్లా సెలక్షన్స్ పోతే హాస్టల్ సీటూ స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్టూ పోతాయని భయపడే పదహారేళ్ల అమ్మాయికి ఎవరున్నారు? ఆమె చెవిన పడేది పంత్ కథ, జవాన్ల చలి. అందుకే నొప్పి దాచుకుని పరిగెడుతుంది.

కోచ్‌లకూ, క్రీడా సంఘాలకూ నా విన్నపం ఒక్కటే. ఎముక విరిగిన పిల్లల సీటును వాళ్లు పూర్తిగా కోలుకునేదాకా కాపాడండి, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి. అమ్మానాన్నలూ, ‘మళ్లీ ఎప్పుడు ఆడతావు?’ అని రోజూ అడగకండి. ఇవాళ పొద్దున నొప్పి ఉందా లేదా అని అడగండి.